దక్కను మెట్టలో తొలి సేద్యం: బూడిద దిబ్బల సాక్ష్యం

బళ్లారి నుంచి హోసపేటకు పోయే దారిలో కుడితిని గ్రామ సమీపాన బూడిద రంగు దిబ్బ ఒకటి ఉంది. దూరం నుంచి చూసేవారికి అది పాత సున్నపు బట్టీ వదిలిపోయిన కుప్పగా తోస్తుంది. దగ్గరకు వెళ్లి పరిశీలిస్తే తేలికైన తెల్లని బూడిద పొరలు, వాటి నడుమ ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం వంటి గట్టి గడ్డలు, ఆ గడ్డలలో అక్కడక్కడ గాజు మెరుపు కనిపిస్తాయి. ఇటువంటి దిబ్బలు దక్కను నడిగడ్డలో ఇప్పటివరకు వందకు పైగా గుర్తింపబడ్డాయి. వీటిలో అధిక భాగం కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు, కలబురగి ప్రాంతాలలో ఉన్నాయి. అనంతపురం జిల్లాలోని పాలవాయి, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బలు తెలుగు నేలపై పరిశోధకులు తవ్వి చూసినవి. (ఈ ఉట్నూరు వేరు, ఆదిలాబాదు ఉట్నూరు వేరు. పుస్తకాలలో సైతం ఈ పొరపాటు దొర్లుతూ ఉంటుంది.)

ఇంత బూడిద ఎక్కడిది? హంపీ చెంత నింబాపురం దిబ్బను వాలి చితాభస్మమని జనం చెప్పుకొంటారు. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ దిబ్బలను చూసిన దొరలు కొందరు అగ్నిపర్వతపు అవశేషాలన్నారు. కొందరు యుద్ధాల అనంతరం జరిగిన సామూహిక దహనాల గుర్తులన్నారు. భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఆ పరిసరాలలో దొరికిన రాతి గొడ్డళ్లను, కుండ పెంకులను, పశువుల ఎముకలను కలిపి చూసి, ఇవి నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్లనీ, తగలబడినది పశువుల పేడ అనీ ఊహించాడు. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వినప్పుడు ఆ ఊహకు బలం చేకూరింది. బూడిద పొరల కింద కంచె గుంజలు పాతిన గుంతలు, కంచె లోపలి నేల మీద పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. నాలుగువేల యేళ్లకు పూర్వం ఒక మంద తొక్కిన నేల, మీద పడిన బూడిద వల్ల చెదరకుండా నిలిచిపోయింది. ఇటువంటి దిబ్బల బూడిదను పరీక్షించిన ఎఫ్. ఇ. జాయినర్ అది పేడ కాలగా మిగిలినదేనని నిర్ధారించాడు. పేడలోని గడ్డి సిలికా తీవ్రమైన వేడికి కరిగి గడ్డకట్టడం వల్లనే ఆ గాజు మెరుపు ఏర్పడింది.

దిబ్బల రహస్యం తేలిన తరువాత అంతకన్నా విలువైన ప్రశ్న ముందుకు వచ్చింది. నేటికీ దేశంలో మిక్కిలి తక్కువ వాన కురిసే ప్రాంతాలలో ఒకటైన ఈ నేలను దక్షిణాపథపు తొలి రైతులు ఎందుకు ఎంచుకున్నారు? ఏమి పండించుకొని బతికారు?

కొండల చాటు నేల

పడమటి కనుమలు నైరుతి రుతుపవనానికి అడ్డుగోడగా నిలుస్తాయి. కనుమల శిఖర భాగంలోని ఆగుంబెలో సాలీనా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అక్కడి నుంచి తూర్పుగా 300 కిలోమీటర్లు తిరగకుండానే బళ్లారి, ఆపైన అనంతపురం వచ్చేసరికి అది 500 నుంచి 550 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అనంతపురానికి ఇంకొక లోటు కూడా ఉంది. బంగాళాఖాతపు ఈశాన్య రుతుపవనం ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. రెండు సముద్రాలకూ దూరమై, రెండు వానల చివరి అంచున నిలిచిన నేల ఇది. వాన మొత్తం కన్నా దాని తీరు రైతును ఎక్కువగా బాధిస్తుంది. జూన్‌లో నాలుగు చినుకులు రాలి, జూలై, ఆగస్టు నెలలలో వారాల తరబడి బెట్ట సాగి, సెప్టెంబరులో ఒక్కసారిగా కుండపోతగా కురవడం ఇక్కడ అరుదు కాదు.

అయినా ఈ నేలకు ఒక సుగుణం ఉంది. దాన్ని గ్రహించడానికి వర్షపాతపు పట్టిక చాలదు, కొండలను చూడాలి. దక్కను నడిగడ్డ అతి ప్రాచీనమైన గ్రానైటు, నీసు శిలలతో ఏర్పడింది. కోట్ల యేళ్ల ఎండకూ వానకూ మెత్తని భాగాలు అరిగిపోగా గట్టి భాగాలు గుండ్లుగా, బోడికొండలుగా మైదానం నడుమ మిగిలిపోయాయి. బోడిబండ మీద పడిన వాన ఇంకిపోదు. వాలు వెంబడి జారి కొండ పాదంలోని మట్టిలోకి చేరుతుంది. అందువల్ల 500 మిల్లీమీటర్ల వాన పడే చోట కూడా కొండ పాదంలోని పట్టీ భూమికి అందే తేమ అంతకన్నా ఎక్కువ. కొండ మీది రాతి సందులలో, రాయలసీమలో దోనెలని పిలిచే గుండాలలో, వానలు వెనుదిరిగిన తరువాత కూడా కొన్ని నెలలు నీరు నిలుస్తుంది. వేసవిలో వంకల ఇసుకలో చెలమ తీస్తే తాగునీరు దొరుకుతుంది.

ఈ కొండలను చీల్చుకొని నల్లని డోలరైటు రాతి దారులు బారులు తీరి కనిపిస్తాయి. గ్రానైటు కన్నా సన్నని రేణువులు గలిగి, చెక్కడానికీ నూరడానికీ అనువైన ఈ రాయి నుంచే ఆనాటి గొడ్డళ్లు తయారయ్యాయి. బళ్లారి సమీపంలోని సంగనకల్లు, కుప్‌గల్ కొండలలో ఒకటైన హిరేగుడ్డ మీద గొడ్డళ్లు చెక్కిన చోట్లు, చెక్కగా రాలిన పెచ్చుల కుప్పలు నేటికీ ఉన్నాయి. తాగునీరు, పనిముట్టు రాయి, నూరుకోవడానికి బండ, కొండ దిగువన తేమ గల ఎర్ర నేల, ఆవల పశువులు మేయడానికి గడ్డి బయలు: ఇవన్నీ కాలినడకన అందే దూరంలో కూడి ఉన్న చోటు ఈ గుండ్ల కొండలే. తొలి గ్రామాలు కొండ వాలుల మీద, గుండ్ల నడుమ వెలియడానికి శత్రుభయం ఒక్కటే కారణమన్న పాత అభిప్రాయం ఈ అనుకూలతల ముందు నిలిచేది కాదు.

నల్లరేగడి మైదానాలను వారు ఎక్కువగా గడ్డికే వదిలివేశారు. నేటి రైతు రేగడిని సారవంతమైన నేలగా ఎంచుతాడు గాని, ఇనుప కర్రు లేనివాడికి అది వానాకాలంలో కాలు తీయనీయని బురద, వేసవిలో పగుళ్లు విచ్చిన పెంకు. గట్టి కర్రతోనూ, రాతి పనిముట్లతోనూ లొంగేది తేలికైన ఎర్ర నేలే.

ఒక్క కారు వాన

భారత ఉపఖండంలో సేద్యం ఒకే చోట పుట్టి అన్ని దిక్కులకూ పాకిందని చాలాకాలం భావించేవారు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో క్రీ.పూ. ఏడవ సహస్రాబ్దినాటికే గోధుమ, బార్లీ సాగు కనిపించడం ఆ భావనకు ఆధారమైంది. అయితే వాయవ్యపు పంటలకు వాయవ్యపు శీతోష్ణస్థితే పునాది. అక్కడ చలికాలంలో పడమటి నుంచి వచ్చే అల్పపీడనాల వల్ల వాన కురుస్తుంది. నదులు వరదల తరువాత ఒండ్రును, తేమను వదిలిపోతాయి. చలి దీర్ఘంగా ఉంటుంది. గోధుమ, బార్లీ, శనగజాతి పంటలు ఆ రబీ కాలానికి అమరినవి. ఇటువంటి పంటను దక్కను మెట్టలో వానకు విత్తితే మొలక దశలోనే వేడి తగులుతుంది. చలికాలం కోసం ఆగి విత్తితే నీరు ఉండదు. పైగా ఆ చలికాలం గింజ నిండేటంత కాలం నిలవదు. కాబట్టి వాయవ్యపు విత్తనాలు దక్షిణానికి చేరడానికి దూరం కన్నా కాలచక్రం పెద్ద అడ్డంకి అయింది.

దక్కనుకు వేరే మొక్కలు కావలసి వచ్చాయి. అవి వేసవి వేడికి ఓర్చి, తొలకరికి మొలిచి, నడుమ బెట్టను తట్టుకొని, పగలు కుదించుకుపోయే వేళకు పూతపట్టి, వాన నిలిచేలోగా గింజ కట్టాలి. ఇటువంటి మొక్కలు ఆ నేల మీదనే అడవి గడ్డిలోనూ పొదలలోనూ ఉన్నాయి.

నాలుగు గింజలు

ఈ సంగతి తేలడానికి చాలా యేళ్లు పట్టింది. తొలితరం తవ్వకాలలో కుండలకూ, గొడ్డళ్లకూ, ఎముకలకూ దక్కిన శ్రద్ధ గింజలకు దక్కలేదు. మాడిన కొర్రగింజ ఇసుక రేణువంత ఉంటుంది. పారతో తీసిన మట్టిలో అది కంటికి ఆనదు. తవ్విన మట్టిని నీటిలో కలిపి, పైకి తేలిన మసిని సన్న కన్నుల జల్లెడలో పట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క గింజనూ గుర్తించే పద్ధతి వచ్చిన తరువాతనే దక్షిణ భారతపు తొలి పంటల చిత్రం స్పష్టమైంది. డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య తదితరులు బళ్లారి ప్రాంతంలోనూ, కుందూ పరీవాహకంలోని పెద్దముడియం, కడప జిల్లాలోని హనుమంతరావుపేట వంటి తెలుగు స్థలాలలోనూ ఈ విధంగా మట్టిని వడగట్టి పరిశీలించారు. 2004లో వెలువడిన వారి ఫలితాలు ఒక స్థలం తరువాత ఒక స్థలంలో అవే నాలుగు గింజలను ప్రధానంగా చూపాయి: అండుకొర్ర, కొర్రకు దగ్గరి చుట్టమైన సెటేరియా వర్టిసిల్లేటా అనే గడ్డి, ఉలవ, పెసర.

నాలుగూ వానాకాలపు మొక్కలే. అండుకొర్ర సుమారు ఎనభై రోజులలో కోతకు వస్తుంది. చెట్ల నీడలో సైతం పండే చిరుధాన్యం అది. నేటికీ తుముకూరు, చిత్రదుర్గ, అనంతపురం సరిహద్దు పల్లెలలో చింతచెట్ల కింద దాన్ని చల్లే రైతులు ఉన్నారు. సెటేరియా వర్టిసిల్లేటాను రైతు నేడు కలుపుగానే ఎరుగును. దాని కంకి నూగు వెనుదిరిగిన ముళ్లవలె ఉండి, పంచె అంచుకూ పశువుల తోకకూ పట్టుకొని వదలదు. ఒకనాడు ఇంటింటా దంచుకొని తిన్న గింజ నేడు గట్టు మీద కోసి పారవేసే గడ్డిగా మిగిలింది. పంటల చరిత్రలో ఇటువంటి పతనాలు కూడా ఉంటాయి.

పెసరకు పూర్వరూపమైన అడవి పెసర తూర్పు, పడమటి కనుమల అడవి అంచులలో ఇప్పటికీ పాకుతుంది. అది కొంత తేమను కోరే మొక్క. ఉలవ అందుకు భిన్నంగా ముళ్లపొదల పొడి బయళ్లకు చెందినది. ఈ రెండు పప్పుధాన్యాలు ఒకే గ్రామపు బూడిదలో కలిసి దొరకడం గమనింపదగినది. మంచి వాన కురిసిన యేడు పెసర చేతికి వస్తుంది. వాన ముఖం చాటేసిన యేడు ఉలవ ఆదుకొంటుంది. చిరుధాన్యాలలోనూ, పప్పులలోనూ రెండేసి రకాలు ఉంచుకోవడం ద్వారా వారు వాన నిలకడలేనితనానికి తగిన ఏర్పాటు చేసుకున్నారని భావించడం సమంజసం. నేటి శాస్త్రవేత్తలు మిశ్రమ పంటలను సిఫారసు చేయడం వెనుక ఉన్న తర్కం కూడా ఇదే.

ఈ మొక్కలు అడవి నుంచి చేనికి ఎలా మారాయన్నది వేరొక విషయం. అడవి పప్పుజాతుల గింజకు మందమైన తోలు ఉంటుంది. నీరు లోపలికి చొరకుండా అది అడ్డుపడుతుంది. అందువల్ల గింజలన్నీ ఒకే వానకు మొలవవు. కొన్ని ఈ యేడు, కొన్ని మరుసటి యేడు, కొన్ని ఇంకా ఆలస్యంగా మొలుస్తాయి. వానలు నమ్మరాని నేలలో అడవి మొక్కకు ఇది రక్ష. రైతుకు ఇదే శిక్ష. విత్తినవన్నీ ఒకేసారి మొలవకపోతే చేను చేను కాదు. ప్రతి యేడూ ముందుగా మొలిచి, ముందుగా పండి, కోతకు అందిన గింజలనే మళ్లీ విత్తుతూ పోతే, పలుచని తోలు గల రకం తనంతట తానే పైచేయి సాధిస్తుంది. ఉలవ విషయంలో ఈ మార్పును కళ్లకు కట్టినట్లు చూపిన పరిశోధన 2017లో వెలువడింది. షార్లీన్ మర్ఫీ, డోరియన్ ఫుల్లర్ భారతీయ పురావస్తు స్థలాలలో లభించిన మాడిన ఉలవలను సింక్రోట్రాన్ ఎక్స్‌రే కిరణాలతో, గింజను పగలగొట్టకుండానే పరిశీలించి, తోలు మందాన్ని కొలిచారు. క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది నుంచి తోలు క్రమంగా పలుచబడుతూ వచ్చినట్లు తేలింది. ఎవరూ వ్రాసి ఉంచని విత్తన ఎంపిక చరిత్ర ఆ గింజల తోలులో మైక్రోమీటర్లలో నమోదై ఉంది.

గింజను తిండిగా మార్చే శ్రమను కూడా ఆ కొండలే చెబుతాయి. చిరుధాన్యాలకు పొట్టు గట్టిది, దంచక తప్పదు. కొండ బండల మీద అరచేతి లోతున నున్నగా అరిగిన పల్లాలు వందల సంఖ్యలో కనిపిస్తాయి. ఒక పల్లం అంత నునుపు దేరడానికి ఎన్ని తరాల చేతులు ఆడి ఉండాలో లెక్క కట్టడం కష్టం.

పేడను ఎందుకు కాల్చారు?

ధాన్యం ఎంత ఉన్నా ఈ సమాజానికి వెన్నెముక పశువే. తవ్వకాలలో దొరికిన ఎముకలలో అధిక భాగం గోజాతివి. మేకలు, గొర్రెలు వాటి తరువాతివి. మూపురం గల ఎద్దు ఈ ఉపఖండపు వాయవ్యంలో మచ్చికై, గడ్డి బయళ్ల వెంట దక్షిణానికి వచ్చింది. కుప్‌గల్, మస్కి కొండల బండల మీద పొడవాటి కొమ్ములతో, ఎత్తైన మూపురంతో చెక్కిన ఎద్దుల బొమ్మలు అనేకం. ఇక్కడి వర్షపాతం దట్టమైన అడవికి చాలదు, గడ్డికి చాలును. వానాకాలంలో మంద ఊరి చుట్టూ మేయగలదు. ఎండాకాలంలో నీటినీ పచ్చికనూ వెదుకుతూ మందను దూరం తోలవలసిందే. దిబ్బలలో కొన్ని స్థిర గ్రామాల పక్కన, కొన్ని ఊరి జాడ లేని బయలులో ఉండడానికి ఈ సంచారమే కారణమని చాలామంది అభిప్రాయం. కర్ణాటకలోని బుదిహాళ్‌లో కె. పద్దయ్య జరిపిన తవ్వకాలలో పశువుల దొడ్డి, దాని చెంతనే ఇళ్లు, పశువులను కోసిన తావు బయటపడడంతో, దిబ్బలన్నీ కేవలం తాత్కాలిక విడుదులు కావని కూడా తేలింది.

వ్యవసాయ శాస్త్రం తెలిసినవారిని ఆపివేసే చిక్కు ఇక్కడే ఉంది. నూరు పశువుల మందను ఊహించుకొందాం. నాటు పశువు రోజుకు పది కిలోల పచ్చి పేడ వేస్తుందనీ, అందులో సగం రాత్రివేళ దొడ్డిలో పడుతుందనీ అనుకొంటే, యేడాదికి దొడ్డిలో చేరే పేడ 180 టన్నులు. పచ్చి పేడలో నత్రజని సుమారు 0.3 శాతం. అంటే అర టన్నుకు పైగా నత్రజని. ఇది అంచనా లెక్కయే గాని తవ్వకపు ఫలితం కాదు. అయినా పరిమాణం అర్థమవుతుంది. పేడను కాల్చితే ఈ నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. పొటాషియం, భాస్వరం, సున్నపు పాళ్లు మాత్రం బూడిదలో మిగులుతాయి. చేను పక్కనే ఉన్నా, ఎరువును తరతరాలుగా కుప్పవేసి తగలబెట్టిన రైతులు వీరు. కొన్ని దిబ్బలు పది మీటర్ల ఎత్తుకు చేరువగా పెరిగాయి. కాల్చని పేడ పొర, కాలిన బూడిద పొర, మళ్లీ పేడ పొర, మళ్లీ బూడిద: ఇలా ఒక క్రమం తప్పని ఆవృత్తి కనిపిస్తుంది. ప్రమాదవశాత్తూ అంటుకొన్న నిప్పుకు ఇటువంటి క్రమం ఉండదు.

దీనికి చెప్పిన సమాధానాలు పలు విధాలు. సంవత్సరంలో నియమిత కాలాన పశువుల క్షేమం కోరి చేసిన అగ్ని ఉత్సవాలని ఆల్చిన్ భావించాడు. కర్ణాటక పల్లెలలో సంక్రాంతినాడు పశువులను మంటల మీదుగా దూకించే ఆచారం నేటికీ ఉన్నందున ఈ వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. పేరుకుపోయిన పేడను, ఈగలను, పురుగును వదిలించుకొనే శుభ్రతా చర్యగా కొందరు చూశారు. మంద యొక్క పరిమాణాన్నీ, దాని యజమానుల ప్రతిష్ఠనూ చాటే స్మారకాలుగా మరికొందరు చూశారు. ఏది నిజమైనా ఒక్కటి స్పష్టం. ఎరువు కొరత వారిని వేధించలేదు. జనం తక్కువ, కొండ పాదపు నేల కొత్తది, అలసిన చేను విడిచి పక్కకు జరగడానికి చోటు ఉంది. పైగా పంటలలో రెండు పప్పుజాతులే కావడంతో వాటి వేరు బుడిపెలే కొంత నత్రజనిని సమకూర్చాయి. రాయలసీమ రైతు నేడు గొర్రెల కాపరికి డబ్బో ధాన్యమో ఇచ్చి చేనిలో మంద కట్టించుకొంటాడు. పేడను చూసే చూపు ఎంత మారిందో దీనివల్ల తెలుస్తుంది.

భూమి, వాన మనిషి జీవితాన్ని శాసిస్తాయని చెప్పేవారికి ఈ దిబ్బలు ఒక హెచ్చరిక వంటివి. ఏ గింజ పండుతుందో, మంద ఎక్కడ మేస్తుందో వాతావరణం నిర్ణయించింది. పేడను చల్లాలో కాల్చాలో అది నిర్ణయించలేదు. ఇదే వర్షపాతం, ఇదే గడ్డి గల ఇతర ప్రాంతాలలో పశుపాలకులు ఉన్నా, ఇటువంటి దిబ్బలు లేవు.

ఎండిన శతాబ్దాలు, వచ్చిన పంటలు

ఆ కాలంలో వాతావరణం కూడా నిలకడగా లేదు. ఇప్పటికి పదివేల నుంచి ఆరువేల యేళ్ల క్రితం వరకు బలంగా ఉన్న నైరుతి రుతుపవనం తరువాత క్రమంగా తగ్గింది. దీనికి దక్కనుకు సంబంధించిన మంచి సాక్ష్యం గోదావరి ముఖద్వారం ఎదుట సముద్రగర్భం నుంచి తీసిన బురద స్తంభంలో లభించింది. నది కొట్టుకు తెచ్చిన ఆకుల మైనం పొరలుగా అందులో నిలిచి ఉంది. 2012లో ప్రచురితమైన ఆ పరిశీలన ప్రకారం, సుమారు 4,000 యేళ్ల క్రితం నుంచి 1,700 యేళ్ల క్రితం వరకు గోదావరి పరీవాహకంలో పొడి నేలలకు అలవాటుపడిన మొక్కల వాటా పెరుగుతూ వచ్చింది. వాయవ్యంలో సింధు నగరాలు క్షీణించిన కాలం కూడా ఈ ఎండిన దశ ఆరంభంతో సరిపోలుతుంది.

దక్కనులో నగరాలు లేవు గనుక కూలినవీ లేవు. వానాకాలపు చిరుధాన్యాల మీద, పప్పుల మీద, మంద మీద నిలిచిన గ్రామాలు ఆ శతాబ్దాలలో తగ్గకపోగా పెరిగాయి. క్రీ.పూ. 1800 తరువాత కొండల మీది స్థిర గ్రామాల సంఖ్య హెచ్చింది. బూడిద దిబ్బలు కట్టడం మాత్రం క్రమంగా ఆగింది. హిరేగుడ్డ మీద గొడ్డళ్ల తయారీ ఊరి అవసరాలను మించిన స్థాయికి చేరింది. ఎండిపోతున్న కాలంలో ఈ విస్తరణ విడ్డూరంగా తోచవచ్చు. వాన తగ్గగా దట్టమైన అడవి వెనుకంజ వేసి గడ్డి బయలు విస్తరించడం పశుపాలకులకు నష్టం కాదన్నది ఒక వివరణ. అది తర్కసహమే గాని, అన్ని చోట్లకూ వర్తింపజేయరాదు.

ఈ కాలంలోనే బయటి పంటలు రావడం మొదలైంది. క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది తొలి శతాబ్దాలలో గోధుమ, బార్లీ కొన్ని స్థలాలలో కనిపిస్తాయి. అయితే అన్నిటా కాదు, ఎక్కువగానూ కాదు. చలికాలంలో చేతితో నీరు పోయగల చిన్న మడులలో, చెలమల పక్కన వీటిని పండించి ఉంటారు. ఊరంతటికీ రోజూ తిండి పెట్టిన ధాన్యం అది కాజాలదు. విందులకో, ప్రత్యేక వేళలకో ఉపయోగపడి ఉండవచ్చు. మూడున్నరవేల యేళ్ల క్రితం నుంచి గుర్తింపబడిన సజ్జ, అనుము ఆఫ్రికా మొక్కలు. ఇవి వచ్చీ రాగానే కుదురుకున్నాయి. కారణం సులభం. ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతంలో కూడా వాన వేసవిలోనే కురుస్తుంది. గోధుమ తన సొంత ఉపఖండంలోనే దక్షిణానికి రాలేక తంటాలు పడగా, సముద్రం ఆవలి సజ్జ సులువుగా ఇమిడిపోయింది. కంది తూర్పున ఒడిశా, బస్తర్ అడవి అంచుల నుంచి వచ్చింది. రాయలసీమ తరతరాల తిండిగా భావించే జొన్న, సజ్జ, రాగి మూడింటికీ పుట్టిల్లు ఆఫ్రికా. కొర్ర ఉత్తర చైనాది. ఈ నేల నిజంగా తనదని చెప్పుకోదగినవి అండుకొర్ర, ఉలవల వంటి కొన్నే. ఆ కొన్నిటికే ఆదరణ తక్కువ.

క్రీ.పూ. 1200 ప్రాంతం నుంచి ఇనుము వ్యాపించడంతో రేగడి మైదానం సేద్యానికి లొంగింది. తరువాతి కాలాల్లో చెరువులు, వాటి కింద వరి మడులు వచ్చాయి. జనం కొండ దిగి పల్లానికి జరిగారు. ఊరి స్థానాన్ని నిర్ణయించే అధికారం బోడికొండ నుంచి చెరువు కట్టకు మారింది.

నేటి మెట్ట

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో అనంతపురం ఎర్ర నేలలు వేరుశనగ ఏకపంటగా మారాయి. కొర్ర, సజ్జ, ఉలవ, అనుము కలిసి పండిన చేలు నూనెగింజ ధర చూసి ఒకే పంటకు తిరిగాయి. వేరుశనగ దక్షిణ అమెరికా మొక్క. ఎర్ర నేల దానికి నప్పింది, మంచి వాన పడిన యేళ్లలో అది రైతును నిలబెట్టింది. కాని ఊడలు దిగి కాయ ఊరే దశలో నెల రోజుల బెట్ట వస్తే చేనంతా ఒక్కసారిగా దెబ్బతింటుంది. పక్కన ఆదుకొనే రెండవ గింజ ఉండదు. జూలై దాటినా విత్తనం పడనప్పుడు, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వేయదగిన ప్రత్యామ్నాయ పంటగా శాస్త్రవేత్తలు నేటికీ సూచించేది ఉలవనే. పగలు కుదించుకుపోతుండగా పూతకు రావడం, కొద్ది తేమతో కాయ నింపుకోవడం అనే పూర్వపు గుణాలు దానిలో ఇంకా మిగిలి ఉండడమే ఇందుకు కారణం.

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వెలువడిన సూర్యనంది వంటి కొర్ర రకాలు మెట్ట రైతుకు చేరాయి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన తరువాత అండుకొర్రకు పట్టణ దుకాణాలలో ధర పలికింది. అండుకొర్ర, ఉలవలలో రైతుల వద్ద మిగిలిన నాటు విత్తనాల సేకరణకు మాత్రం అంత ఆసక్తి కానరాదు. వేల యేళ్లుగా ఇక్కడి బెట్టను చవిచూసిన గింజలు అవి. ఒక ముసలి రైతు ఇంటి అటక మీద కుండలో నిలవ ఉన్న విత్తనం ఆ ఇంట్లో సాగు ఆగిన రెండు మూడు యేళ్లకే మొలక శక్తి కోల్పోతుంది.

దిబ్బల పరిస్థితి అంతకన్నా మెరుగైనది కాదు. సంగనకల్లు, కుప్‌గల్ కొండలను గ్రానైటు, డోలరైటు క్వారీలు కొరుకుతూ వచ్చాయి. బయలులోని దిబ్బలకు వేరొక ముప్పు ఉంది. పొటాషియం, సున్నం గల ఆ బూడిద చేనికి మేలు చేస్తుందని తెలిసిన రైతులు బండ్లకొద్దీ, ఇటీవల ట్రాక్టర్లకొద్దీ తవ్వి తోలుకున్నారు. వారిని తప్పుపట్టడం కష్టం. తొలి రైతులు కాల్చివేసిన ఎరువులో మిగిలినంత భాగం నాలుగువేల యేళ్ల తరువాత చేనికి చేరుతున్నది. దానితోపాటు దిబ్బ అంచున, ఇళ్ల పొరలలో ఉండిన మాడిన గింజలు కూడా నాగలి చాలులో కలిసిపోతున్నాయి.